డ్రా అని రాయడానికి చెయ్యి రాదు

శ్రోతలకు నమస్కారం.

ఫుట్‌బాల్ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే చెప్పాలన్న సరదా నాకు కాస్త ఆలస్యంగా పట్టుకుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లున్న శనివారం పొద్దున్నే ఒక నోట్‌బుక్‌లో జోస్యం రాసుకునేవాణ్ణి, రాత్రికి టిక్కులు పెట్టుకునేవాణ్ణి. రెండు నెలలయ్యాక తిరగేస్తే అందులో ఒక్క డ్రా కూడా లేదు! ప్రతి మ్యాచ్‌లోనూ ఎవరో ఒకరిని గెలిపించేశాను. ఆ లీగ్‌లో చూస్తే దాదాపు నాలుగింట ఒక మ్యాచ్ సమంగా ముగుస్తుంది.

అలాగని ప్రతి నాలుగో మ్యాచ్‌కీ డ్రా అని రాస్తే కుదరదు. అది ఏ మ్యాచో తెలియదు కదా! అందుకే పేరు రాయడం మానేసి మూడు అంకెలు రాయడం మొదలుపెట్టాను. ఈ జట్టు గెలుపుకు ఇంత శాతం, డ్రాకు ఇంత, అవతలి జట్టుకు ఇంత. మూడూ కలిపితే వంద.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయంటారా? ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో పాయిజాన్ విభాజనం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సగటు తెలిస్తే సున్నా, ఒకటి, రెండు గోల్స్ పడే అవకాశం ఒక్కోదానికీ ఎంతో చెప్పే సూత్రమది. పరీక్షయ్యాక మళ్లీ పనికొస్తుందని నేనైతే అనుకోలేదు. ఒక జట్టు సగటున మ్యాచ్‌కు ఒకటిన్నర గోల్స్, ఎదుటి జట్టు ఒక గోల్ కొడతాయనుకుందాం. మొదటిదే మేలైన జట్టని ఎవరైనా చెబుతారు. లెక్క వేస్తే అది గెలిచేది వందలో 49 సార్లే. 26 సార్లు డ్రా, మిగతా 25 సార్లు ఓటమి. క్రికెట్‌లో వందల పరుగులుంటాయి కాబట్టి ఒక పొరపాటును సర్దుకోవడానికి టైముంటుంది. ఇక్కడ రెండు జట్లవీ కలిపి రెండు మూడు గోల్సే. ఒక్క బంతి గోల్‌పోస్టుకు తగిలి లోపలికి దొర్లిందా, జోస్యం గల్లంతే. 2022 ప్రపంచకప్‌లో, అంతకుముందు 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని అర్జెంటీనాను సౌదీ అరేబియా 2-1తో ఓడించింది. ఆ రెండు గోల్స్ అయిదు నిమిషాల తేడాలో పడ్డాయి. చివరికి కప్పు గెలిచింది మళ్లీ అర్జెంటీనాయే!

తర్వాత చూడాల్సింది స్థానబలిమి. మామూలుగా సొంత మైదానంలో ఆడే జట్టుకే గెలుపులు ఎక్కువ. కోవిడ్ వల్ల 2020-21 ప్రీమియర్ లీగ్ దాదాపు అంతా ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఆ సీజన్ మొత్తం 380 మ్యాచ్‌లలో సొంత మైదానం జట్లు 144 గెలిస్తే, బయటి నుంచి వచ్చిన జట్లు 153 గెలిచాయి. కేకలు వేసే జనం లేకపోతే సొంత గడ్డ బలం ఎంత తగ్గిపోతుందో చూడండి.

మీ అంకెలు బాగున్నాయో లేదో ఒక్క మ్యాచ్‌తో తేలదు. 60 శాతం అని రాసినవన్నీ ఒకచోట చేర్చండి. వాటిలో పదికి ఆరు నిజమైతే మీ అంచనా సరైన దారిలో ఉన్నట్టే. పదికి పదీ నిజమైతే, ఇంకా ఎక్కువ శాతం రాయడానికి జంకిన మీరు మరీ భయస్తులన్నమాట. అన్నట్టు, నేను పందేల గురించి చెప్పడం లేదు. ఆన్‌లైన్ పందేలను మన రెండు రాష్ట్రాల్లోనూ చట్టం ఒప్పుకోదు. మా ఇంట్లో పందెమంటే కప్పు టీ.

ఇక ఏ సగటుకూ అందని సంగతి ఒకటి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీమ్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఫైనల్లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. పైగా స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. నా నోట్‌బుక్‌లోనైతే భారత్‌కు 20 శాతం ఇచ్చి ఉండేవాణ్ణి. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్, అంటే ఎదుటివాళ్ల గోల్స్‌ను అడ్డుకునే ఆటగాడు జర్నైల్ సింగ్‌ను, రహీమ్ సాబ్ ముందుండి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం మనది.

నమస్కారం.