డ్యామ్ కడితే ఊరి బతుకేమవుతుంది? ఆ లెక్క ఎలా వేయాలి?

[తెర మీద: గోదావరి, పాపికొండల మ్యాప్. 45.72 మీటర్ల దగ్గర ఎర్ర గీత.]

నమస్తే. పోలవరం రిజర్వాయర్ పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మట్టం 45.72 మీటర్లు. ఈ గీతకు కింద పడితే ముంపు ఊరు, పైన ఉంటే కాదు. ఇలా లెక్కేస్తే ఇల్లూ వాకిలీ వదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. వాళ్లలో కోయలు, కొండరెడ్లు చాలామంది.

ఎన్ని ఎకరాలు, ఎన్ని ఇళ్లు, ఎన్ని చెట్లు అనేది రెవెన్యూ సర్వేలో తేలుతుంది. ఆ మనుషులు రేపు ఎలా బతుకుతారో ముందే కనుక్కోవడం వేరే పని. దాన్నే సామాజిక ప్రభావ అంచనా అంటారు.

2013 భూసేకరణ చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. ఆరు నెలల్లో అధ్యయనం పూర్తి చేయాలి, ఊళ్లోనే బహిరంగ విచారణ జరపాలి, నివేదికను స్థానిక భాషలో పంచాయతీలో అందుబాటులో పెట్టాలి. తర్వాత ఒక నిపుణుల బృందం దాన్ని పరిశీలిస్తుంది. ప్రాజెక్టు వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువనిపిస్తే ఆపేయమని ఆ బృందం చెప్పొచ్చు. అయినా ముందుకెళ్లాలనుకుంటే ప్రభుత్వం కారణాలు రాతపూర్వకంగా చూపించాలి.

[తెర మీద: సెక్షన్ 6]

అయితే ఇదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. పర్యావరణ ప్రభావ అంచనా చేయాల్సిన సాగునీటి ప్రాజెక్టులకు ఈ సామాజిక అంచనా వర్తించదు. ఊళ్లకు ఊళ్లు మునిగేదే ఆనకట్టల వల్ల. వాటినే వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పర్యావరణ నివేదికలో జనం గురించి కొన్ని పేజీలుంటాయి, నిజమే. కానీ ఆ నివేదిక రాసేది ప్రాజెక్టు కట్టేవాళ్లు పెట్టుకున్న కన్సల్టెంట్లు.

సరే, మంచి అంచనా ఎలా ఉంటుంది? ప్రశ్న దగ్గరే తేడా తెలిసిపోతుంది. ఏజెన్సీలో ఒక ఇంటికెళ్లి "మీ ఆదాయం ఎంత?" అని అడిగితే చాలా చిన్న అంకె వస్తుంది. ఆ అంకె పట్టుకుని, పునరావాస కాలనీలో ఇల్లూ కొంత డబ్బూ ఇస్తే వీళ్లు బాగుపడతారని రాసేయడం సులువు. అదే ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి, "నిన్న ఏం వండారు? అందులో కొన్నదేది?" అని అడగండి. ఉప్పు, నూనె కొన్నారు. కూర అడవిది, చేప గోదావరిది, చింతపండు పెరట్లోది, పొయ్యిలో కట్టెలు కొండవి. సంతలో అమ్మే అడ్డాకులు, జీలుగు కల్లు, గట్టున మేసే మేకలు కూడా ఇందులోకే వస్తాయి. కాలనీకి మారిన మర్నాటి నుంచి వీటన్నిటికీ జేబులోంచి డబ్బు తీయాలి. పట్టా ఉన్న రెండెకరాలకు ఇచ్చిన పరిహారం ఈ ఖర్చును ఎన్నాళ్లు మోస్తుంది? అంచనా తేల్చాల్సింది ఇదే.

ఇంకో సంగతి. భూమి లేనివాళ్లు కూడా చట్టం దృష్టిలో బాధితులే. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే కౌలు చేస్తున్నవాళ్లు, కూలీలు, చేతివృత్తులవాళ్లు, అడవి మీదా చేపల మీదా బతికేవాళ్లు అందరూ వస్తారు. పెళ్లి కాకపోయినా పద్దెనిమిదేళ్లు నిండితే అబ్బాయైనా అమ్మాయైనా వేరే కుటుంబమే. పోలవరంలో గొడవంతా కటాఫ్ తేదీ దగ్గరే, అంటే ఏ తేదీ నాటికి పద్దెనిమిదేళ్లు నిండాలో అక్కడే. పని ఏళ్ల తరబడి సాగింది. సర్వే నాటికి బడికెళ్లే పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు, లిస్టులో మాత్రం వాళ్ల పేర్లు లేవు.

[తెర మీద: 2022 జులై వరద]

గీత సంగతికొస్తే, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు వైపు, తొలి దశలో, అంటే రిజర్వాయర్‌ను ముందు తక్కువ మట్టం దాకా నింపినప్పుడు, మునుగుతాయని చూపించని ఊళ్లు కూడా మునిగాయి. నిలకడగా ఉన్న నీటికి వేసిన గీత వరదకు సరిపోదు. రోడ్డు తెగి, సంత ఆగి, బడి మూతపడిన ఊరు ఇల్లు మునగకపోయినా ముంపు ఊరే. మళ్లీ కొలవమని అక్కడివాళ్లు అడుగుతున్నది న్యాయమే.

మీ ప్రాంతానికి రిజర్వాయర్ వస్తుందంటే పర్యావరణ బహిరంగ విచారణ తేదీ ముందే కనుక్కోండి. అక్కడ నోటిమాటతో సరిపెట్టకుండా కాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతమైతే, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించినదైతే, భూసేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలి. ఆ తీర్మానంలో కౌలుదారులు, కూలీలు, ఒంటరి మహిళల పేర్లు, పశువులు, చేపలవేట, అడవి ఫలసాయం అన్నీ ఎక్కించండి. నకలు చేతికి వచ్చాకే సభ నుంచి లేవండి.