లంపెను చిడికింది ఎవరు? హైస్కూలు పిల్లలు, ఇంగ్లీషు పాసేజ్‌లు

హోస్ట్: నమస్కారం. ఈరోజు మనతో ఉన్న మేడమ్ ఒంగోలు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు చెప్తారు. మేడమ్, ఇందాక టీ తాగుతూ ఒక వాక్యం చెప్పారు కదా, ముందు అది కానివ్వండి.

టీచర్: చెప్తాను, జవాబులు మాత్రం మీరే చెప్పాలి. "గొబ్బిడు నిన్న సాయంత్రం లంపెను గట్టిగా చిడికాడు." లంపెను చిడికింది ఎవరు?

హోస్ట్: గొబ్బిడు.

టీచర్: ఎప్పుడు?

హోస్ట్: నిన్న సాయంత్రం.

టీచర్: ఎలా చిడికాడు?

హోస్ట్: గట్టిగా.

టీచర్: మూడుకి మూడు మార్కులు. ఇంతకీ లంపె అంటే ఏంది?

హోస్ట్: (నవ్వు) నాకేం తెలుసు మేడమ్!

టీచర్: నాకూ తెలీదు, నేనే పుట్టించాను. మా పిల్లలు పాసేజ్ చేసేదీ ఇలాగే. ప్రశ్నలో ఒక మాట పట్టుకుంటారు, అది పాసేజ్‌లో ఎక్కడుందో వెతుకుతారు, ఆ వాక్యాన్ని ఫుల్‌స్టాప్‌తో సహా దించేస్తారు. మేం టిక్కు పెడతాం. నేనూ చాలా ఏళ్లు పెట్టాను, వాళ్లకి వచ్చేసిందనే అనుకున్నాను.

హోస్ట్: నేను పది పాసైందే అలా. మరి రాలేదని ఎప్పుడు తెలిసింది?

టీచర్: ఒకరోజు ఎనిమిదో తరగతి బోర్డు మీద ఒక వాక్యం రాశాను. "ది బుల్ దట్ ది ఫార్మర్ సోల్డ్ వన్ ది కాంటెస్ట్." మన బండలాగుడు పందెం అనుకోండి. ఎవరు గెలిచారు అని అడిగితే, క్లాసులో చాలామంది "ఫార్మర్" అన్నారు. ఒక్క మాట కూడా కొత్తది లేదు అందులో. బుల్ తెలుసు, ఫార్మర్ తెలుసు, సోల్డ్ తెలుసు.

హోస్ట్: మరి ఎక్కడ తప్పారు?

టీచర్: "వన్" అంటే గెలవడం, దానికి దగ్గర్లో "ఫార్మర్" ఉన్నాడు, మధ్యలో ఉన్నది "సోల్డ్" ఒక్కటే. పక్కనున్నవాడికి కప్పు ఇచ్చేశారు. తెలుగులో ఈ ఇబ్బంది ఉండదు. "రైతు అమ్మిన ఎద్దు గెలిచింది" అంటాం. "గెలిచింది" అనగానే అది రైతు కాదని చెవికే తెలిసిపోతుంది, రైతైతే "గెలిచాడు" కదా. ఇంగ్లీషులో ఎద్దు గెలిచినా, రైతు గెలిచినా "వన్" ఒక్కటే. ఎవరు, ఏం చేశారు అన్నది మనమే కట్టుకోవాలి. పైగా మనం అమ్మిన సంగతి ముందు చెప్పి ఎద్దుని తర్వాత తెస్తాం, వాళ్లు ఎద్దుని ముందు నిలబెట్టి దాని కథ వెనక చెప్తారు. పిల్లోడి తప్పు కాదది, వాడి తెలుగు వాడిని అలా నడిపిస్తుంది.

హోస్ట్: పిల్లలు ఒప్పుకున్నారా?

టీచర్: ఎక్కడ! ఒకడు లేచి, "ఎద్దు గెలిచినా డబ్బులు ఓనర్‌కే కదా మేడమ్, అంటే ఫార్మర్‌కే" అన్నాడు. వాళ్లింట్లో ఎద్దులున్నాయి, లోకజ్ఞానం ఎక్కువ. "అమ్మేశాక ఓనర్ ఎవర్రా?" అన్నాను. నిలబడి ఆలోచించాడు. "అయ్యో, డబ్బులు కొన్నోడికి పోయాయి మేడమ్" అన్నాడు. చూడండి, అప్పుడు చదివాడు వాడు ఆ వాక్యాన్ని!

హోస్ట్: బాగుంది. ఇంకేం ఇబ్బంది పెడతాయి?

టీచర్: "హార్డ్‌లీ" ఒకటి. "హీ హార్డ్‌లీ వర్క్‌డ్" అంటే కష్టపడి పనిచేశాడని రాస్తారు. నిజానికి దాదాపు పనే చేయలేదు వాడు! "అన్‌లెస్" కూడా అంతే, లోపల "కాదు" దాక్కుని ఉంటుంది. వీటిని పాసేజ్‌లో కనపడగానే సున్నా చుట్టమంటాను. అంతే, పెద్ద విద్యేం కాదు.

హోస్ట్: పాసేజ్‌లు గైడ్‌లోవేనా?

టీచర్: గైడ్‌లో జవాబులు ముందే ఉంటాయి, అందుకే నేనే రాస్తాను. ఒకటి చెప్తా. "19వ శతాబ్దంలో ఒంగోలు జాతి పశువుల్ని ఓడల్లో బ్రెజిల్ తీసుకెళ్లారు. అక్కడ వాటిని నెలోర్ అంటారు. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో." ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. ప్రశ్న, ఒంగోలు ఎద్దుకి బ్రెజిల్‌లో నెల్లూరు పేరెందుకు వచ్చింది?

హోస్ట్: ఒక్క వాక్యంలో జవాబు లేదు.

టీచర్: అదే కదా! దించేవాడికి దించడానికేం దొరకదు. రెండో వాక్యాన్నీ మూడో వాక్యాన్నీ అతకాలి. మొదటిసారి ఇచ్చినప్పుడు క్లాసంతా నిశ్శబ్దం. తర్వాత ఒక అమ్మాయి, "అప్పుడు మనం కూడా నెల్లూరోళ్లమే కదా మేడమ్, అందుకేమో" అంది. తెలుగులోనే చెప్పింది. నేను ఫుల్ మార్కులు వేశాను.

హోస్ట్: తెలుగులో చెప్తే ఇంగ్లీషు క్లాసులో మార్కులా?

టీచర్: అర్థమైందా లేదా అని కదా నేను అడిగింది. రాయడం వేరే పని, అది మర్నాడు చేయించాను. చాలామంది మేనేజ్‌మెంట్లు ఒప్పుకోవులెండి. నేను మొదట్లో చేసిన ఒక ప్రైవేటు స్కూల్లో క్లాసులో తెలుగు మాట వినపడితే ఫైను.

హోస్ట్: ఇప్పుడు సైన్సు పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి కదా, అవి పనికొస్తాయా?

టీచర్: బ్రహ్మాండంగా. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. 2020 నుంచి వస్తున్నాయి. పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లీషు వదిలేస్తారు, సహజమే. నేను తెలుగు పేజీ మీద అట్ట పెట్టిస్తాను. ఇంగ్లీషు పేరా చదివి, ఏముందో పక్కవాడికి చెప్పాలి. తర్వాత అట్ట తీసి చూసుకోవాలి. టీచర్ అక్కర్లేదు, తప్పు వాళ్లకే దొరుకుతుంది.

హోస్ట్: ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాకపోతే?

టీచర్: ఒకమ్మ అడిగింది ఇదే, పొగాకు బ్యారన్‌లో పనికి పోతుంది. "నాకు అక్షరం ముక్క రాదు మేడమ్, నేనేం చూడను" అని. పాప పేరా చదివాక "ఏముందే అందులో?" అని అడుగమ్మా, నీకు అర్థమయ్యేదాకా చెప్పించుకో అన్నాను. వారం తర్వాత పాప నా దగ్గరకొచ్చి కంప్లైంట్. "మా అమ్మ వదలట్లేదు మేడమ్. అన్నం పెట్టకుండా, ఆ తర్వాత ఏమైందే, ఎందుకంట, అని ఒకటే ప్రశ్నలు."