వక్రీభవనం: ఆ మాట మధ్యలో ‘ఈ’ ఎందుకొచ్చింది?

పదో తరగతి దాటినవాళ్లందరికీ ‘వక్రీభవనం’ తెలుసు, కాంతి గాలిలోంచి నీళ్లలోకి పోయేటప్పుడు దారి మళ్లడం లాంటిది. కిరణం ఎంత మళ్లుతుందో చెప్పే స్నెల్ సూత్రం వచ్చు, లెక్క చేయడం వచ్చు, కానీ మాట మాత్రం నోరు తిరగని మాటగానే ఉండిపోతుంది. దాన్ని విప్పి చూస్తే పాఠంలో సగం అందులోనే ఉంది, అందుకే ఈ వీడియో.

[తెర మీద: వక్ర → వక్రీ + భవనం]

వక్ర అంటే వంకర. భవనం అంటే ఇక్కడ మేడ కాదు, ‘అవడం’. భూ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. ఇక అసలు సంగతి, వక్ర కాస్తా వక్రీ ఎందుకైంది? చ్వి అనే ప్రత్యయం వల్ల. పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయి ఐదో అధ్యాయంలో దీనికి సూత్రం ఉంది. ముందు అలా లేనిది ఇప్పుడు అలా మారితేనే ఈ ప్రత్యయం వస్తుంది. అంటే మొదటి నుంచీ వంకరగా పెరిగిన కొమ్మకి ఈ మాట పనికిరాదు, తిన్నగా వస్తున్నది వంగాలి. కాంతికి జరిగేది సరిగ్గా అదే! ఘనీభవనం, ద్రవీభవనం, బాష్పీభవనం, అన్నీ ఇలా పుట్టినవే.

ఇంగ్లీషు రిఫ్రాక్షన్ వేరే దారిలో వచ్చింది. దాని వెనకున్న లాటిన్ ధాతువుకి అర్థం విరగ్గొట్టడం. ఎముక ఫ్రాక్చర్ అయిందంటామే, ఆ ఫ్రాక్చర్ కూడా అక్కడిదే. వాళ్లకి కిరణం విరిగినట్టు కనిపించింది, మనకి వంగినట్టు.

[తెర మీద: నీళ్ల గ్లాసులో ఏటవాలుగా పెన్సిల్]

ఇక్కడ మాత్రం లాటిన్ మాటే బాగా అతుకుతుంది. కిరణం గాలిలోనూ తిన్నగానే పోతుంది, నీళ్లలోనూ తిన్నగానే పోతుంది, మలుపు తిరిగేది ఆ రెండూ కలిసే చోట మాత్రమే, కాబట్టి బొమ్మ గీసేటప్పుడు దాన్ని విల్లులా వంచకండి, స్కేలు పెట్టి రెండు గీతలు గీయండి.

మలుపు ఎందుకంటే, వేగం మారుతుంది కాబట్టి. కాంతి శూన్యంలో సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతే నీళ్లలో సుమారు 2.25 లక్షలే పోతుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే 1.33 నీటి వక్రీభవన గుణకం. వజ్రానికైతే 2.42. ఏటవాలుగా వచ్చే తరంగంలో ఒక పక్క ముందు నీళ్లలో దిగి నెమ్మదిస్తుంది, రెండో పక్క ఇంకా గాలిలోనే వేగంగా ఉంటుంది, దాంతో మొత్తం తరంగం తిరుగుతుంది. ఇది కంటితో చూడాలంటే కొత్తపట్నం బీచ్‌కి వెళ్లండి. దూరంగా ఏటవాలుగా వస్తున్న అల, లోతు తగ్గేకొద్దీ నెమ్మదించి, ఒడ్డు దగ్గరికొచ్చేసరికి ఒడ్డుకి ఇంచుమించు సమాంతరంగా తిరిగిపోతుంది. అది కూడా వక్రీభవనమే, పోలిక కోసం చెప్పడం లేదు.

కిరణం ఎంత మళ్లుతుందో చెప్పే ఆ సూత్రాన్ని 1621లో స్నెల్ కనుక్కున్నాడని చదువుకున్నాం. కానీ 984 ప్రాంతంలోనే బాగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ అనే గణిత శాస్త్రవేత్త ఆ సంబంధాన్ని రాసిపెట్టాడు. ఆ పేరు కూడా మన పిల్లలకి తెలియాలి.

ఇక మన మాట అచ్చంగా సరిపోయే చోటు గాలి. మే నెల మధ్యాహ్నం నెల్లూరు నుంచి ఒంగోలు హైవే మీద పోతుంటే ముందు నీళ్లు నిలిచినట్టు కనపడుతుంది కదా, అది ఆకాశం! రోడ్డుని ఆనుకున్న గాలి బాగా వేడెక్కి పలచబడుతుంది, పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది, పొరల మధ్య గట్టి హద్దు ఉండదు, అందుకని పైనుంచి వచ్చే కిరణం ఒక్కచోట విరగకుండా మెల్లమెల్లగా వంగి మన కంటికి చేరుతుంది. అదే ఎండమావి. ఇక్కడ గీత నిజంగానే వక్రం.

మైపాడు బీచ్‌లో పొద్దున సూర్యుడి విషయంలోనూ ఇంతే. గాలి పొరలు కిరణాల్ని సుమారు అర డిగ్రీ వంచుతాయి, సూర్యబింబం వెడల్పు కూడా దాదాపు అంతే. అంటే బింబం అడుగు అంచు సముద్రాన్ని తాకుతూ కనపడేటప్పటికి, అసలు సూర్యుడు ఇంకా సముద్రం, ఆకాశం కలిసినట్టు కనపడే గీత కిందే ఉంటాడు, మనం ఓ 2 నిమిషాలు ముందే చూసేస్తున్నాం. పై అంచు కన్నా కింది అంచు నుంచి వచ్చే కిరణాలు ఎక్కువ వంగుతాయి కాబట్టి బింబం గుండ్రంగా కాక కాస్త నొక్కినట్టు ఉంటుంది.