రేటు రాయని ఫ్రీ యాడ్‌కి ఫోన్ చేసేది దొంగోడే!

నమస్తే నెల్లూరు, నమస్తే ఒంగోలు! "పాత సామాన్లు అమ్ముకునే సైట్లలో మనం పెట్టే ఫ్రీ యాడ్లని సైట్లోళ్లు తొక్కేస్తుండారు, ఫీచర్డ్ అని డబ్బు కడితేనే పైకి లేపుతుండారు" అని ఇప్పుడు ఏ షాపుకి పోయినా ఇదే గోల. లేపుతారబ్బయా, వాళ్ల యాపారం అది. మీ యాడ్‌ని చంపేది మాత్రం మీరే. రేటు రాయని ఫ్రీ యాడ్‌కి ఫోన్ చేసేది దొంగోడే!

ఇందుకూరుపేట నుంచి అల్లూరు దాకా, రొయ్యల గుంటల కాడ వాడిన ఏరేటర్లు, అంటే గుంట నీళ్లలో గాలి కలిపే మిషన్లు, అమ్మేవాళ్ల యాడ్లు తెరవండి. "మంచి కండిషన్, రేటుకి ఫోన్ చేయండి." ధర గడిలో ఏముంటది? ఒక్క రూపాయి! కొనే రైతు పది వేల నుంచి ఇరవై వేల లోపు అని ఫిల్టర్ పెడతాడు. మీ రూపాయి యాడ్ అక్కడే రాలిపోద్ది. ఇంక మిగిలేదెవురు? ఊరికే అడిగేవాళ్లు, రేటుతో పనే లేనోడు. ఆ రెండోవాడే మోసగాడు.

రేటు ఎందుకు దాస్తారంటే పక్క షాపోడి భయం. సామీ, మీ రేటు వాడికి టీ కొట్టు కాడ ఎప్పుడో తెలిసిపోయింది. తెలియంది కొనేవాడికే!

హెడ్డింగ్‌లో "ఏరేటర్ అమ్మబడును" అని పెట్టబాకండి. "2 హెచ్‌పీ ఏరేటర్, 4 ప్యాడిల్, త్రీ ఫేజ్, కోవూరు" అని కొట్టండి, జనం వెతికేది ఆ మాటలతోనే. మొదటి ఫొటో, నీళ్ల మీద తేల్చే ఫ్లోట్లతో సహా మొత్తం సెట్టు. రెండోది మోటారు నేమ్‌ప్లేట్, అక్షరాలు చదవగలిగేట్టు. మూడోది గేర్‌బాక్స్ ఆయిల్ సీల్. బేరం తెగేది అక్కడే, ఆయిల్ కారితే లోపలికి ఉప్పు నీళ్లు పోయినట్టే అనుకుంటాడు రైతు. తర్వాత షాఫ్ట్, బుష్‌లు. మోటారు రీవైండింగ్ అయ్యుంటే రాసెయ్యండి. దాస్తే ట్రాలీ ఆటో బాడుగ కట్టుకొని వచ్చినోడు మిమ్మల్ని తిట్టుకుంటా ఖాళీగా పోతాడు. వాట్సాప్‌లో పంపే వీడియో, గుంటలో తిరుగుతున్నప్పుడు తియ్యండి. ఒక ఫేజ్ వైరుకి, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పట్టి, ఆంపియర్లు నేమ్‌ప్లేట్ అంకె దాటలేదని చూపించండి. ఒడ్డున ఉత్తగా తిప్పితే లోడే ఉండదు, ఆ రీడింగ్ చెల్లదు.

ఐదు ఏరేటర్లుంటే ఐదు యాడ్లు పెట్టి ఫ్రీ లిమిట్ కాల్చుకోబాకండి. ఒకే యాడ్: "ఒకటి 18 వేలు, ఐదూ తీసుకుంటే ఒక్కోటి 17." అవే ఫొటోలతో మళ్లీ మళ్లీ పెడితే డూప్లికేట్ అని తీసేస్తారు. పాతది తీసేసి, కొత్త ఫొటోలతో పెట్టండి.

ఇంక మన దొంగోడు. "ఆర్మీలో ఉండా, మా మనిషొచ్చి తీసుకుపోతాడు, అడ్వాన్స్ వేస్తా." బేరం లేదు, హెచ్‌పీ అడగడు. సరిహద్దులో ఉన్నోడికి రొయ్యల గుంట యాడుందో! "సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?" అని మీరే అడగండి, నీళ్లు నములుతాడు. తర్వాత క్యూఆర్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుద్ది" అంటాడు. యూపీఐ పిన్ కొట్టారా, పోయేది మీ డబ్బే. రావాల్సిన డబ్బుకి పిన్ అక్కర్లేదు, ఎప్పుడూ! యూపీఐలో "డబ్బు పంపు" అని మనిషికి మనిషి పంపే కలెక్ట్ రిక్వెస్టులు 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు, క్యూఆర్ మోసం మాత్రం ఆగలా. డబ్బు పోతే ముందు ఏడవబాకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఇంకో ఖాతాకి దూకుద్ది.

మీ యాడ్‌లో ఇంకా ఒక్క రూపాయే ఉందా? ముందు దాన్ని మార్చి రండి, సబ్‌స్క్రైబ్ తర్వాత కొట్టచ్చు!