లైట్లు లారీలకెక్కించి ఊరూరా తిరిగిన టీమ్: కాన్సస్ సిటీ మోనార్క్స్

అందరికీ నమస్కారమండి. ఇవాళ మనం మిస్సోరి వైపు కాన్సస్ సిటీలో, 18వ వీధి, వైన్ వీధి కలిసే చోట ఉన్నాం. ఇదే నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం, అంటే పెద్ద లీగుల్లో ఆడనివ్వని నల్లవాళ్ళు ఆడిన లీగుల మ్యూజియం. ఓవర్‌ల్యాండ్ పార్క్ వైపు ఉండేవాళ్ళకి కారులో అరగంట. ఆ 'నీగ్రో' అన్న మాట ఇప్పుడు ఎవరూ అనకూడదు. అప్పటి లీగ్ పేరే అది కాబట్టి మ్యూజియం పేరులో అలాగే ఉంచారు. పిల్లల్ని తీసుకొస్తే ఈ సంగతి ముందే చెప్పండి.

చాలామంది లోపలికి రాగానే జాకీ రాబిన్సన్ కోసం వెతుకుతారు, 1947లో పెద్ద లీగుల్లో ఆ అడ్డుగోడ దాటిన నల్లజాతి ఆటగాడు అతనే. నన్నడిగితే, అతను ఆడిన ఇక్కడి టీమ్ మోనార్క్స్ కథని ఒక జనరేటర్ దగ్గర మొదలుపెట్టాలి.

అంతకుముందు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పెద్ద లీగుల్లో (మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో) నల్లవాళ్ళని ఆడనివ్వకూడదని కాగితం మీద రూలేమీ లేదు. ఓనర్లందరూ లోలోపల అనుకున్న మాట అది, 1947 దాకా నడిచింది. అందుకే 1920 ఫిబ్రవరి 13న ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పాసియో వైఎంసీఏ బిల్డింగులో షికాగో నల్లజాతి టీమ్ ఓనర్ రూబ్ ఫోస్టర్ మిగతా ఓనర్లని కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టించాడు. ఆ ఓనర్లలో జె.ఎల్. విల్కిన్సన్ ఒక్కడే తెల్లవాడు. మోనార్క్స్ ఆయన టీమే. 1924లో తూర్పు వైపు నల్ల లీగ్ టీమ్ హిల్‌డేల్ మీద ఐదు గెలిచి, నాలుగు ఓడి, ఒకటి టై చేసుకుని, రెండు నల్ల లీగుల మధ్య జరిగిన మొదటి వరల్డ్ సిరీస్ కొట్టారు. చివరి ఆటలో 39 ఏళ్ళ మేనేజర్ హోసే మెండెజ్ తనే పిచ్చర్‌గా (బాల్ వేసేవాడిగా) దిగి ఒక్క రన్ను కూడా ఇవ్వలేదు.

ఇంత గెలిచినా లీగ్ టికెట్ల డబ్బుతో టీమ్ గడవదు. చిన్న చిన్న ఊళ్ళకి వెళ్ళి అక్కడి లోకల్ టీములతో ఆడి, గేటు డబ్బులో వాటా తీసుకోవాలి. దీన్నే బార్న్‌స్టార్మింగ్ అంటారు. 1929లో స్టాక్ మార్కెట్ కూలాక పగటి ఆటకి జనం తగ్గారు. పనికెళ్ళేవాళ్ళు రావాలంటే రాత్రి ఆడాలి. విల్కిన్సన్ ఉన్నదంతా పణం పెట్టి లైట్లు చేయించాడు.

ఇప్పుడు ఆ లైట్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం. 50 అడుగుల దాకా లేచే మడత స్తంభాలు, వాటి పైన ఫ్లడ్‌లైట్లు. స్తంభాలని లారీల మీదే బిగించి గ్రౌండ్ చుట్టూ నిలబెట్టి పైకి లేపేవాళ్ళు. వీటన్నిటికీ కరెంటు ఇచ్చే జనరేటర్ని ఒక పెద్ద పెట్రోల్ ఇంజన్ తిప్పేది. 1930 ఏప్రిల్ 28న ఓక్లహోమాలోని ఈనిడ్‌లో మొదటిసారి వెలిగించారు. పెద్ద లీగులో మొదటి రాత్రి ఆట సిన్సినాటిలో 1935లో గానీ జరగలేదు. అంటే ఐదేళ్ళు వెనక!

ఇబ్బందులు లేకపోలేదు. ఇంజన్ మోతకి ఫీల్డర్లకి ఒకరి మాట ఒకరికి వినపడదు. క్యాచ్ 'నాది' అని అరిచినా లాభం లేదు. బాల్ లైట్ల కంటే పైకి లేస్తే చీకట్లో మాయమైపోతుంది. ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. ఇంజన్ నెమ్మదిస్తే లైట్లు మసకబారతాయి, అప్పుడు బ్యాటర్ గతి అంతే. 1930 ఆగస్టులో ఈ లైట్ల కిందే హోమ్‌స్టెడ్ గ్రేస్ అనే ఇంకో నల్లజాతి టీమ్‌తో 12 ఇన్నింగ్స్ ఆట (మామూలుగా తొమ్మిదే) జరిగింది. గ్రేస్ పిచ్చర్ స్మోకీ జో విలియమ్స్ 27 మందిని, మోనార్క్స్ పిచ్చర్ చెట్ బ్రూవర్ 19 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్) చేశారు. గ్రేస్ 1-0తో గెలిచింది. ఇద్దరూ గొప్ప పిచ్చర్లే, అనుమానం లేదు. కానీ ఆ అంకెల్లో మసక వెలుతురు వాటా కూడా ఉంది.

బస్సు సంగతీ చెప్పాలి. దారిలో చాలా హోటళ్ళు గది ఇవ్వవు, భోజనం పెట్టవు. బస్సే పడక. ఓక్లహోమాలోని మస్కోగీలో ఒక పెట్రోల్ బంకు గురించి మోనార్క్స్ ఆటగాడు బక్ ఓనీల్ చెబుతుండేవాడు. టాయిలెట్ వాడనివ్వకపోతే పెట్రోలు కూడా వద్దు, గొట్టం తీసెయ్యమన్నాడట జాకీ రాబిన్సన్. బస్సుకి రెండు పెద్ద ట్యాంకులు. అంత బేరం పోతుందని బంకువాడు తలుపు తీశాడు.

జాకీ ఇక్కడ ఆడింది 1945 ఒక్క సీజనే. ఆ అక్టోబరులో పెద్ద లీగు టీమ్ బ్రూక్లిన్ డాడ్జర్స్ వాళ్ళు అతన్ని తీసుకున్నారు. మోనార్క్స్‌కి ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. నాకు ఇది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. తర్వాత సాచెల్ పేజ్, ఎర్నీ బ్యాంక్స్, ఎల్స్‌టన్ హోవార్డ్ కూడా పెద్ద లీగుకి వెళ్ళారు. మంచి ఆటగాళ్ళు అటు వెళ్తుంటే జనం కూడా అటే వెళ్ళారు.

మ్యూజియంలో ఒకటి గమనించండి. లోపలికి రాగానే కంచు విగ్రహాలున్న గ్రౌండు వైరు మెష్ అవతల కనిపిస్తుంది, కానీ లోపలికి పోవడానికి వీల్లేదు. గ్యాలరీ అంతా తిరిగాకే అందులోకి దారి. తొందరపడి షార్ట్‌కట్ వెతక్కండి. వరసగా నడవండి, ఒక గంటన్నర పెట్టుకోండి.