రీచ్‌ను కూడితే వచ్చే తప్పులు

అందరికీ నమస్కారం. ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందో, అంటే ఇంప్రెషన్లెన్నో, సర్వరు చెప్పేస్తుంది. ఎంతమందికి కనిపించింది, అంటే రీచ్ ఎంత, అన్న దగ్గరే చిక్కంతా. 60 లక్షల ఇంప్రెషన్లంటే తలా 3 సార్లు చూసిన 20 లక్షల మంది కావచ్చు, తలా 30 సార్లు చూసి విసిగిపోయిన 2 లక్షల మందీ కావచ్చు. బిల్లు మాత్రం ఒకటే.

మన లక్ష్య జనాభాలో టీవీలో 40 శాతం, మొబైల్లో 30 శాతం చూశారనుకోండి. 70 అని రాసేయకండి. 70 రావాలంటే రెండూ చూసినవాడు ఒక్కడూ ఉండకూడదు. మొబైల్లో చూసినవాళ్లంతా టీవీ వాళ్లే అయితే జవాబు 40. రెండింటికీ సంబంధం లేదనుకుంటే చూడనివాళ్ల వాటాలను గుణించాలి: 0.6 × 0.7 = 0.42. అంటే చేరింది 58 శాతం. ఇదీ ఊహే. క్రికెట్ పిచ్చి ఉన్నవాడు మ్యాచ్ ఇంట్లో టీవీలో, దారిలో ఫోన్లో చూస్తాడు. అక్కడ 58 కూడా ఎక్కువే. అవే మనుషుల్ని రెండు తెరల మీదా గమనించే ప్యానెల్ ఉంటేనే నిజం తేలుతుంది.

డిజిటల్లో లెక్కకొచ్చేది మనిషి కాదు, కుకీ (బ్రౌజర్లో దాచే గుర్తు) లేదా డివైజ్. ఆఫీసు కంప్యూటరు, ఫోను, ట్యాబ్ వాడే ఒక్కడు ముగ్గురవుతాడు. ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ చూస్తే ముగ్గురు ఒక్కరవుతారు. ఈ రెండు తప్పులూ సరికి సరి అవుతాయని దయచేసి అనుకోవద్దు. ఏది ఎంత ఉంటుందన్నది ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది.

ఫోన్ నంబర్లను హాష్ చేసి, అంటే అసలు నంబరు కనబడకుండా కోడ్‌గా మార్చి, రెండు సంస్థల జాబితాలు పోలుస్తారు కదా, అక్కడ ముందు చూడాల్సింది నంబరు రాసిన తీరు. ఒకరు ముందు 91 పెట్టి, మరొకరు పెట్టకుండా హాష్ చేస్తే ఒకే మనిషి ఇద్దరైపోతాడు. హాష్ చేసే ముందు నంబరుకు కలిపే అదనపు అక్షరాలు (సాల్ట్) వేరైనా అంతే. ఉమ్మడి దాదాపు సున్నా అని వస్తుంది, అందరూ కొత్తవాళ్లేనని సంబరపడతారు.

వారాల రీచ్‌నూ కూడకూడదు, రెండు వారాల్లోనూ చూసినవాడు రెండుసార్లు లెక్కకొస్తాడు. దీనికి హైపర్‌లాగ్‌లాగ్ బాగా పనికొస్తుంది. ఐడీలన్నీ దాచకుండానే వేర్వేరు ఐడీలెన్నో అంచనా వేసే పద్ధతి ఇది: 16,384 గడులు తీసుకుంటే సుమారు 12 కిలోబైట్లు, ప్రామాణిక దోషం 0.81 శాతం. రెండు వారాలను కలపాలంటే ప్రతి గడిలో పెద్ద విలువ ఉంచితే చాలు. కానీ రెండింటిలోనూ ఉన్నవాళ్లెందరో తీసివేతతో (రెండు వారాల మొత్తంలోంచి కలిపిన లెక్క తీసేసి) తేల్చబోతే దెబ్బతింటాం. కోటి మంది లెక్కలో దోషమే 81 వేలు. ఉమ్మడి 50 వేలే అయితే అందులో మునిగిపోతుంది. అలాంటప్పుడు హాష్‌ను 100తో భాగిస్తే శేషం 0 వచ్చే ఐడీలను మాత్రమే రెండు వైపులా తీసి నేరుగా పోల్చండి. సుమారు 500 కలుస్తాయి. దోషం 4, 5 శాతం దగ్గర ఆగుతుంది.