సంఘం ముందు, ఇల్లు తరువాత: కోహౌసింగ్ ఎలా నడుస్తుంది

నమస్కారం. అనంతపురంలో మేము ఉంటున్న అపార్ట్‌మెంటులో 24 ఫ్లాట్లు ఉన్నాయి. పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోగా, చాలా ఇళ్లలో పెద్దవాళ్లు మాత్రమే మిగిలారు. మొన్న ఎండాకాలంలో మా పై అంతస్తులో ఒక పెద్దామె స్నానాలగదిలో జారిపడి, మరునాడు పొద్దున పాలు పోసే అబ్బాయి తలుపు తట్టేవరకు అలాగే ఉండిపోయారు. ఆమెకు గోడకు అటువైపూ ఇటువైపూ మనుషులున్నారు, నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసే సంఘమూ ఉంది. ఇంత దగ్గరగా ఉండి కూడా ఇలా ఎందుకు జరిగిందన్న బాధతో వెతుకుతున్నప్పుడే కోహౌసింగ్ గురించి తెలిసింది: ఉండబోయేవారే ముందుగా కలుసుకుని, ఎవరి ఇల్లు వారికి ఉంటూనే కొంత జాగా, కొన్ని పనులు ఉమ్మడిగా పంచుకునేలా కట్టుకునే ఇళ్లు.

ఇది డెన్మార్కులో మొదలైంది. యాన్ గుడ్మండ్ హోయర్ అనే ఆర్కిటెక్టు 1964లో కొందరు మిత్రులతో కలిసి ఇలాంటి ఇళ్లకు ప్రణాళిక వేశారు గానీ, చుట్టుపక్కలవారి వ్యతిరేకత వల్ల ఆ ప్రయత్నం ఆగిపోయింది. పిల్లలకు నూరుగురు తల్లిదండ్రులు ఉండాలని 1967లో బోదిల్ గ్రో అనే రచయిత్రి పత్రికలో రాసిన వ్యాసం మరికొన్ని కుటుంబాలను కదిలించింది. చివరకు 1972లో హిల్లెరోడ్ పట్టణం దగ్గర 27 ఇళ్లతో సాటెడామెన్ అనే కోహౌసింగ్ ఏర్పడింది. అమెరికాలో కాథరిన్ మెకామంట్, చార్ల్స్ డ్యురెట్ అనే ఆర్కిటెక్టుల ద్వారా కోహౌసింగ్ అన్న పేరు వ్యాపించగా, అక్కడ మొదటిదైన మ్యూర్ కామన్స్ 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 26 ఇళ్లతో వచ్చింది.

ఇది ఆశ్రమం కాదు, ఉమ్మడి కుటుంబమూ కాదు. ఎవరి సంపాదన వారిది, ఎవరి తాళంచెవి వారిది, ప్రతి ఇంటికీ సొంత వంటగది ఉంటుంది. వీటికి తోడు అందరిదీ అయిన ఒక పెద్ద ఇల్లు ఉంటుంది; అందులో పెద్ద వంటగది, భోజనశాల, పిల్లలు ఆడుకునే గది, చుట్టాలు వస్తే పడుకోవడానికి గదులు ఉంటాయి కాబట్టి, ఏడాదికి నాలుగుసార్లు వచ్చే చుట్టాల కోసం ప్రతివారూ ఒక పడకగది అదనంగా కట్టుకోవలసిన అవసరం ఉండదు. కార్లను స్థలం అంచునే ఆపి, ఇళ్ల మధ్య నడకదారి మాత్రమే ఉంచుతారు. వంటగది కిటికీలు చాలాచోట్ల ఆ దారివైపే తెరుచుకుంటాయి. మన పాత మిద్దె ఇళ్ల ముందున్న అరుగు చేసిన పని ఇదే: వీధిలో ఎవరు వెళుతున్నారో, ఈరోజు ఎవరు కనబడలేదో అది చెప్పేది.

వారంలో కొన్ని రాత్రులు కలిసి భోజనం చేస్తారు, అయితే రావడం ఎవరి ఇష్టం వారిది. లెక్క వేసి చూడండి. 24 ఇళ్లలో 48 మంది పెద్దలు ఉండి, వారానికి మూడు భోజనాలు, ఒక్కో భోజనానికి ముగ్గురు వంటవాళ్లు అనుకుంటే, ఒక మనిషికి సుమారు అయిదు వారాలకొకసారి వంతు వస్తుంది. ఆ ఒక్క సాయంత్రం కష్టపడితే, మిగిలిన పదిహేను భోజనాలకు వండిన అన్నం ముందు కూర్చోవచ్చు. నలభై ఏళ్లు ఒంటిచేత్తో వంటిల్లు నడిపిన మన ఆడవాళ్లకు ఈ లెక్క విలువ వేరే చెప్పనక్కరలేదు. మగవారికీ వంతు తప్పదు, తప్పకూడదు కూడా.

కష్టమంతా సమావేశాల్లో ఉంది. చాలా సమూహాలు ఓటింగు కంటే ముందు ఏకాభిప్రాయం కోసం ప్రయత్నిస్తాయి. కాదన్నవారు ఎందుకు కాదంటున్నారో చెప్పాలి, మిగిలినవారు ఓపికగా వినాలి. చిన్న విషయానికి కూడా నెలలు పట్టవచ్చు. ఆ ఓపిక లేనివారికి ఈ బతుకు సరిపడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన దగ్గర సాధ్యమేనా? 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు యజమానికి ఉమ్మడి భాగాల్లో అవిభక్త వాటా ఉంటుంది, యజమానుల సంఘమూ ఉంటుంది. తేడా అంతా సంఘం పుట్టే సమయంలో ఉంది. మన దగ్గర బిల్డరు కట్టి ఇచ్చాక, లిఫ్టు చెడిపోయాక సంఘం మేలుకుంటుంది; కోహౌసింగులో పునాది తవ్వకముందే ఉండబోయేవారు కలుసుకుని, స్థలం చూసి, ప్లాను గీయించుకుని, డబ్బు లెక్కలు రాసుకుంటారు. నాలుగేళ్లు వాదించుకుని కట్టుకున్నవారికి పక్కింటివారి పేరు తెలియకపోవడమంటూ ఉండదు.

అయితే రాయలసీమలో ఒక పొయ్యి మీద అందరికీ వండటమంటే కులం మాట ఎదుర్కోక తప్పదు. మాంసం వండాలా వద్దా అన్నది రెండు గిన్నెలతో తీరుతుంది. ఎవరు వండితే ఎవరు తింటారన్నది గిన్నెలతో తీరదు. ఒకే కులంవారితో కట్టుకుంటే సులువని కొందరు నాతో అన్నారు. అలా కట్టిన కాలనీలు మనకు చాలానే ఉన్నాయి, నేను అడుగుతున్నది అలాంటిదే అనుకోవద్దు, ఇది పూర్తిగా వేరు.

అందుకే ఆసక్తి ఉన్నవారికి నా సూచన ఒక్కటే. స్థలం చూడకముందు, ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం ఒకరి మిద్దె మీద కలిసి వండుకోండి. ఒక వారం ఒకరు సంగటి కెలకనివ్వండి, మరో వారం మరొకరు పప్పు చేయనివ్వండి. ఆరు నెలల తరువాత కూడా వచ్చేవారు ఎందరో లెక్కపెట్టుకుని, బోరుబావి నీళ్లు ఎన్ని ఇళ్లకు చాలుతాయో తేల్చుకుని, అప్పుడు స్థలానికి అడ్వాన్సు ఇవ్వండి.